అడక్కుండానే పడే ఓటు: 2027 రాష్ట్రపతి ఎన్నికలో తెలుగు పేరుకు చోటెంత?

తిరుమలలో ఒక గవర్నరో, మాజీ ఉపరాష్ట్రపతో దర్శనం ముగించుకుని, రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం తీసుకుని, భుజాన శేషవస్త్రంతో మహాద్వారం దాటి బయటికొస్తే చాలు, సాయంత్రానికల్లా కొండ కింద కొత్త ఊహ ఒకటి పుడుతుంది. కొండమీద రాజకీయ మాటలు వద్దని 2024 నవంబరులో టీటీడీ బోర్డు తీర్మానించింది. అలిపిరి దిగాక ఆ కట్టడి లేదు. తిరుపతి టీ అంగట్లో సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది: "ఏం నా, ఈసారన్నా మనోళ్లకు రాష్ట్రపతి ఇస్తారంటావా?" "ఎందుకియ్యరు? మన ఓట్లు లేకుండా ఎట్ట గెలస్తారు?"

ఆ రెండో మాట దగ్గరే ఆగాలి. మన ఓట్లు అవసరమన్నది నిజం. అవసరమైన ఓటుకు ప్రతిఫలంగా పదవి వస్తుందన్నది మాత్రం రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో ఎక్కడా కనిపించదు. కనిపించేది దాదాపు దీనికి తలకిందుల సూత్రం.

ద్రౌపదీ ముర్ము 2022 జులై 25న ప్రమాణం చేశారు. ఆమె పదవీకాలం 2027 జులై 24తో ముగుస్తుంది. గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 62వ అధికరణం చెబుతోంది. క్రితంసారి జూన్ 15న నోటిఫికేషన్, జులై 18న పోలింగ్, 21న లెక్కింపు జరిగాయి. 2027లోనూ తేదీలు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. పోటీ చేయాలంటే 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి, లాభదాయక పదవిలో ఉండకూడదు. అసలు గడప వేరే ఉంది. నామినేషన్‌ను 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. ఇక్కడ ఓటర్లంటే ఎంపీలు, ఎమ్మెల్యేలే. 2022లో వందకు పైగా నామినేషన్లు పడితే బరిలో మిగిలింది ఇద్దరే. ప్రజాదరణ ఎంతున్నా, రెండు పెద్ద శిబిరాల్లో ఒకటి చేయి పట్టుకోకపోతే ఈ ఎన్నికలో అడుగుపెట్టడమే కుదరదు. కాబట్టి ఎవరు అర్హులని కాదు, ఏ శిబిరానికి ఎలాంటి మనిషి అవసరమని అడగాలి.

ఓటు విలువ తెలియకుండా ఈ లెక్క అర్థం కాదు. 1971 జనాభాను శాసనసభ స్థానాలతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో 1971లో ఉన్న జనం 2,78,00,586. స్థానాలు 175. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 159గా తేలింది. తెలంగాణలో అది 132, తమిళనాడులో 176, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2022లో ఎంపీ ఓటు విలువ 700. ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొత్తం విలువ 27,825. రాష్ట్రానికున్న 25 మంది లోక్‌సభ, 11 మంది రాజ్యసభ సభ్యులను కలిపితే 53,025. దేశం మొత్తం మీద 10,86,431లో ఇది ఐదు శాతం కంటే కాస్త తక్కువ. తిరుపతి నుంచి కుప్పం దాకా, సత్యవేడు నుంచి తంబళ్లపల్లె దాకా ఉమ్మడి చిత్తూరు జిల్లా 14 నియోజకవర్గాల వాటా 2,226.

ఓటు వేసే తీరు కూడా మామూలు ఎన్నికలా ఉండదు. ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ బ్యాలెట్. గుర్తులుండవు, మీట నొక్కేదీ ఉండదు. అభ్యర్థి పేరు పక్కన 1, 2 అని ప్రాధాన్య అంకె రాయాలి. అదీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు సిరా పెన్నుతోనే రాయాలి, సొంత పెన్ను వాడితే ఓటు చెల్లదు. 2022లో రాష్ట్రాల నుంచి ఢిల్లీకి వెళ్లిన బ్యాలెట్ పెట్టెలకు విమానంలో 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' పేరిట విడిగా టికెట్టు తీసి, అధికారి పక్క సీట్లో పెట్టి తీసుకెళ్లారు. ఇంత జాగ్రత్త తీసుకునే ఈ ఎన్నికలో పార్టీలు విప్, అంటే ఫలానావారికే ఓటేయాలన్న ఆదేశం, జారీ చేయడానికి లేదు. రహస్య ఓటింగ్ కాబట్టి ఎవరు గీత దాటారో పట్టుకోవడమూ కష్టమే. అభ్యర్థి ఎంపిక వెనకున్న రాజకీయమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

విప్ లేనప్పుడు అభ్యర్థి ఎవరన్న దాన్నిబట్టే అవతలి గూట్లోంచి ఓట్లు రాలతాయి. 2007లో ప్రతిభా పాటిల్‌ను యూపీఏ నిలబెడితే, ఎన్డీయేలో ఉన్న శివసేన మరాఠీ మహిళ అన్న కారణంతో ఆమెకే ఓటేసింది. ఓడిన భైరాన్‌సింగ్ షెకావత్ అప్పటికి ఉపరాష్ట్రపతి. 2012లో ప్రణబ్ ముఖర్జీకి ఎన్డీయేలోని శివసేన, జేడీయూ రెండూ ఓటేశాయి. 2017లో బీహార్ గవర్నర్‌గా ఉన్న దళిత నేత రామ్‌నాథ్ కోవింద్‌ను బీజేపీ ముందుకు తెచ్చింది. అప్పుడు లాలూతో కలిసి కూటమి ప్రభుత్వం నడుపుతున్న నీతీశ్ కుమార్ కూడా ఆయన్నే బలపరిచారు. అవతలి అభ్యర్థి మీరాకుమార్ సొంత రాష్ట్రం బీహారే అయినా ఆ నిర్ణయం మారలేదు. 2022లో ఆదివాసీ మహిళ ముర్ము పేరు రాగానే, కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వంలో ఉన్న జార్ఖండ్ ముక్తి మోర్చా ఆమెను కాదనలేకపోయింది. ఉద్ధవ్ ఠాక్రే శివసేనదీ అదే దారి. సొంత రాష్ట్రం ఒడిశాలో బీజేడీ మద్దతు ఎలాగూ వచ్చింది. ఆమెకు 6,76,803 ఓట్ల విలువ పడితే యశ్వంత్ సిన్హాకు వచ్చింది 3,80,177.

అంటే గెలిచే శిబిరం తనవాళ్లను మెప్పించడానికి పేరు వెతకదు. తనవాళ్లు ఎలాగూ వేస్తారు. కాదనడానికి అవతలివాళ్లకు నోరు రాని పేరు వెతుకుతుంది.

ఈ సూత్రాన్ని ఆంధ్రప్రదేశ్‌కు అన్వయిస్తే కనిపించేది తెలుగు పాఠకుడికి నచ్చకపోవచ్చు. 2017లో మీరాకుమార్‌కు ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి పడిన ఓట్లు సున్నా. 2022లో సిన్హాకూ సున్నాయే. మొదటిసారి అధికారంలో టీడీపీ, ప్రతిపక్షంలో వైఎస్సార్‌సీపీ. రెండోసారి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. రాష్ట్రంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలు రాష్ట్రపతి బ్యాలెట్ మీద మాత్రం ఒకే పేరు పక్కన 1 రాశాయి. 2022 జులై 12న ముర్ము ప్రచారానికి వచ్చినప్పుడు ఇది కళ్లకు కట్టింది. ఒకే రోజు మంగళగిరిలో వైఎస్సార్‌సీపీ ప్రజాప్రతినిధులను కలిశారు, విజయవాడలో టీడీపీ ప్రజాప్రతినిధులనూ కలిశారు. రెండుచోట్లా శాలువాలు, రెండుచోట్లా మద్దతు. ఏ వేదిక మీదా బేరం లేదు. విభజన హామీల ఊసు ఎత్తి, అది తేలేదాకా మద్దతు ఆపుతామన్న పార్టీ ఒక్కటీ లేదు.

అడక్కుండానే పడే ఓటుకు బేరం ఉండదు. ఉత్తరాదిన ఒక కులాన్నో, తూర్పున ఒక తెగనో, మహారాష్ట్రలో ఒక ప్రాంతాన్నో తృప్తిపరచాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడి ఓట్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఓట్లు ఊగడం మానేశాయి. కాబట్టి ఎన్డీయే వైపు నుంచి ఒక తెలుగు పేరు రావాల్సిన రాజకీయ అవసరం ప్రస్తుతానికి చాలా తక్కువ. ఢిల్లీ పెద్దలకు తెలుగువారంటే చిన్నచూపని దీన్ని సర్దేస్తే సరిపోదు. ఇందులో మన పార్టీల పాత్ర పెద్దది.

ఎప్పుడూ ఇలా లేదు. 1997లో కె.ఆర్. నారాయణన్ ఎన్నికైనప్పుడు కేంద్రంలో ఉన్నది యునైటెడ్ ఫ్రంట్, దాని కన్వీనర్ చంద్రబాబు నాయుడు. చంద్రగిరి పక్కన నారావారిపల్లెలో పుట్టి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివిన నాయకుడు దేశ రాష్ట్రపతి ఎంపికలో బల్లకు ఈవైపు కాదు, ఆవైపు కూర్చున్న కాలమది. 2024లో ఆయన పార్టీకి 135 మంది ఎమ్మెల్యేలు, 16 మంది లోక్‌సభ సభ్యులు గెలిచారు. రాజ్యసభను పక్కనపెట్టినా వాటి విలువ 32,665. ముర్ము ఆధిక్యం 2,96,626 అన్నది గుర్తుంచుకుంటే, ఈ ఓట్లు ఒక్కటే ఫలితాన్ని తిప్పలేవు. అయితే లోక్‌సభలో బీజేపీకి 240 స్థానాలే ఉన్న సమయంలో, బరువు ఓట్ల లెక్కలోనే కాదు, ప్రభుత్వ మనుగడలోనూ ఉంటుంది. ఆ బరువును అమరావతి నిధులకు వాడతారా, రాష్ట్రపతి పేరుకు వాడతారా అంటే, ఏ ప్రాంతీయ పార్టీ అయినా నిధులకే వాడుతుంది. దాన్ని తప్పుపట్టలేం.

ఇక పేర్ల దగ్గరికి వస్తే, ముందుగా వినిపించే పేరు చివరికి నిలవడం అరుదు. 2022 జూన్ 21న అమిత్ షా, రాజ్‌నాథ్ సింగ్, నడ్డా కలిసి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడి ఇంటికి వెళ్లారు. తెలుగు చానళ్లలో ఆ మధ్యాహ్నమంతా అదే వార్త, నెల్లూరు నుంచి తిరుపతి దాకా అదే చర్చ. రాత్రికి ముర్ము పేరు వెలువడింది. అదే ముర్ము పేరు 2017లోనూ జోరుగా వినిపించింది, అప్పుడు కోవింద్ వచ్చారు. ఒక విడతలో జారిపోయిన పేరు తర్వాతి విడతలో రావచ్చన్నదానికి ఆమే సాక్ష్యం. కానీ వెంకయ్య నాయుడికి 2027 జులై నాటికి 78 ఏళ్లు నిండుతాయి. పైగా ఉపరాష్ట్రపతిగా దిగిపోయి, కొంతకాలం ఖాళీగా ఉన్నాక రాష్ట్రపతి అయినవారు ఇంతవరకు లేరు. ఆ దారిన వెళ్లిన రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్, వి.వి. గిరి, వెంకట్రామన్, శంకర్‌దయాళ్ శర్మ, నారాయణన్ ఆరుగురూ నేరుగా ఒక మెట్టు నుంచి పై మెట్టెక్కినవారే. 1997 తర్వాత ఆ దారే మూసుకుపోయింది.

ఆ దారి మళ్లీ తెరుచుకుంటే లాభపడేది ప్రస్తుత ఉపరాష్ట్రపతి సి.పి. రాధాకృష్ణన్. తిరుప్పూరుకు చెందిన నాయకుడు, గవర్నర్‌గా అనుభవం ఉంది. తమిళనాడులో చోటు కోసం బీజేపీ చేస్తున్న ప్రయత్నానికి ఆయన పేరు సరిపోతుంది. అక్కడ ఎమ్మెల్యే ఓటు విలువ 176, స్థానాలు 234, మొత్తం 41,184. డీఎంకేను ఇరకాటంలో పెట్టగల పేరు కావాలనుకుంటే ఇదొకటి. ముర్మునే కొనసాగించడానికి 57వ అధికరణం అడ్డుచెప్పదు, అయినా రెండోసారి ఎన్నికైంది రాజేంద్ర ప్రసాద్ ఒక్కరే. మూడో అవకాశం, ఒక గవర్నరో మాజీ గవర్నరో. గత రెండుసార్లూ జరిగిందదే. గవర్నర్ల వరసలో తెలుగువారు లేకపోలేదు: ఒడిశాలో కంభంపాటి హరిబాబు, త్రిపురలో నల్లు ఇంద్రసేనారెడ్డి, గోవాలో అశోక్ గజపతిరాజు. అర్హతలో లోటేమీ లేదు. ఆ పేర్లతో అవతలి శిబిరంలో ఏ గోడ కూలుతుందన్నదే ప్రశ్న, దానికి జవాబు దొరకడం లేదు.

గోడ కూల్చాల్సిన అవసరం ప్రతిపక్షానిది. అందుకే తెలుగు పేరు వచ్చే అవకాశం అటువైపే ఎక్కువ. 2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఇండియా కూటమి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిని నిలబెట్టింది అందుకే. తెలుగువాడిని గెలిపించాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అన్ని తెలుగు పార్టీలనూ కోరారు. టీడీపీ, జనసేన ఎన్డీయేతోనే ఉన్నాయి, వైఎస్సార్‌సీపీ కూడా అటే వేసింది, బీఆర్ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఫలితం 452, 300. ఈ అభ్యర్థన ఒకప్పుడు పారింది. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడి మీద పోటీ పెట్టబోనని ఎన్టీఆర్ అభ్యర్థినే దించలేదు. ఆ ముప్పై నాలుగేళ్లలో మారింది తెలుగు అభిమానం కాదు. ఢిల్లీతో పొత్తు పార్టీలకు ఊపిరిగా మారింది.

న్యాయమూర్తిని నిలబెట్టడం ప్రతిపక్షానికి పాత అలవాటు. 1982లో జైల్‌సింగ్ మీద జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా, 1987లో వెంకట్రామన్ మీద జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. అన్నిటికంటే ముందు 1967లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి జాకీర్ హుస్సేన్ మీద పోటీకి దిగిన కోకా సుబ్బారావు తెలుగువారే. ఆయనకు 3,63,971 ఓట్లు వచ్చాయి, జాకీర్ హుస్సేన్‌కు 4,71,244. పార్టీ మనిషి కాడన్న పేరు అవతలివాళ్లను కదిలిస్తుందన్న ఆశతో చేసిన ఎంపికలవి. ఒక్కటీ గెలవలేదు. 2027లో తెలుగు పేరు వస్తే ఈ వరసలోనే రావచ్చన్నది ఇక్కడి అంచనా.

గెలిచిన తెలుగువారి కథలో ఒక్క ఘట్టం మరింత దగ్గరగా చూడదగ్గది. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా ఎదుట నిలిచింది మరో తెలుగు కుటుంబపు మనిషి వి.వి. గిరి. ఆత్మప్రబోధం మేరకు ఓటేయమని ప్రధాని ఇందిరా గాంధీ పిలుపునిచ్చారు, అంటే సొంత పార్టీ అభ్యర్థిని ఓడించమనే అర్థం. తొలి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక చరిత్రలో అదొక్కటే. చివరి లెక్క: గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. ఎనిమిదేళ్లకు, 1977లో, అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురయ్యాయి. మనిషి ఆయనే, అర్హతలూ అవే. ఢిల్లీలో అవసరం మారింది, అంతే.

చిత్తూరు నేలకు ఈ పీఠంతో ఉన్న బంధం కూడా ఇలాంటిదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1911 నుంచి చిత్తూరు జిల్లాలో భాగం. సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. రెండేళ్లకు, 1962లో, ఆయన రాష్ట్రపతి అయ్యారు. చిన్నప్పుడు తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు కాబట్టి ఆ పాటి చుట్టరికం ఈ ఊరికి మిగిలింది. అదే ఏడాది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్ పదవి నుంచి బీహార్ గవర్నర్‌గా వెళ్లారు. స్పీకర్ కుర్చీ నుంచి సంజీవరెడ్డి, బీహార్ రాజ్‌భవన్ నుంచి కోవింద్ రాష్ట్రపతులయ్యారు. ఆ రెండు మెట్లూ ఎక్కిన అయ్యంగార్ పేరు మాత్రం ఎన్నడూ ఆ వరసలోకి రాలేదు. అర్హత తప్పనిసరి, అదొక్కటే చాలదు.

పేర్లకంటే ఎక్కువ పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది, దాని మీద తిరుపతిలో చర్చ తక్కువ. ఓటు విలువకు 1971 జనాభానే ఎందుకంటే, 2026 తర్వాత జరిగే తొలి జనగణన అంకెలు వెలువడేదాకా అదే వాడాలని రాజ్యాంగం అంటోంది. ఆ జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. 2011లో తాత్కాలిక లెక్కలు నెల తిరక్కుండానే, మార్చి 31న వచ్చాయి. ఈసారీ అంతే వేగంగా వస్తే, జులై ఎన్నికకు తాత్కాలిక అంకెలు వర్తిస్తాయా, తుది అంకెల కోసం ఆగాలా అన్నది తేల్చాల్సి ఉంటుంది. జమ్మూకశ్మీర్ ఎమ్మెల్యేలది మరో చిక్కు. 54వ అధికరణం కేంద్రపాలిత ప్రాంతాల్లో ఢిల్లీ, పుదుచ్చేరిల పేర్లే చెబుతోంది, జమ్మూకశ్మీర్ పేరు అందులో లేదు.

కొత్త జనాభా వస్తే ఏమవుతుందో 2011 లెక్కతోనే ఊహించవచ్చు. 1971 లెక్కన బీహార్ ఎమ్మెల్యే ఓటు 173, తమిళనాడు ఎమ్మెల్యేది 176. ఇప్పటి స్థానాలకే 2011 జనాభా పెడితే బీహార్‌ది 428, తమిళనాడుది 308. ఆంధ్రప్రదేశ్ 159 కాస్తా 280 పైచిలుకు అవుతుంది, ఉత్తరప్రదేశ్ 208 కాస్తా 496. అంకె పెరిగినట్టు కనిపిస్తుంది, వాటా తగ్గుతుంది. శాసనసభల మొత్తం విలువలో ఆంధ్రప్రదేశ్ భాగం ఐదు శాతం నుంచి నాలుగుకు దిగుతుంది. పిల్లలు ఇద్దరు చాలన్న మాట విన్నందుకు దక్షిణాది చెల్లించే మూల్యం ఇది. పార్లమెంటు స్థానాల గురించి జరిగే వాదనలో ఈ ముక్క పెద్దగా వినిపించదు. 2032 నాటికి ఒక తెలుగు పేరు గురించి మాట్లాడే బలం ఈ 159 ఏమవుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

2027కు మాత్రం పాత అంకెలే ఉంటాయనుకుంటే, అన్నిటికంటే పెద్ద మూట ఉత్తరప్రదేశ్‌ది, 83,824. అక్కడి శాసనసభ ఎన్నికలు అదే ఏడాది ఆరంభంలో రావాలి. ఆ ఫలితం ఎన్డీయేకు బలంగా ఉంటే అభ్యర్థి ఎంపిక పూర్తిగా బీజేపీ ఇష్టం. దెబ్బ తగిలితే, ఊగే ఓట్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. అప్పుడు టీడీపీ 32,665కు, వైఎస్సార్‌సీపీకి ఉన్న 11 మంది ఎమ్మెల్యేలకు, తిరుపతి సహా నలుగురు లోక్‌సభ సభ్యులకు ఇన్నాళ్లూ లేని గిరాకీ వస్తుంది. ఆ పరిస్థితి వచ్చిందో లేదో చెప్పేది టీవీల్లో తిరిగే పేర్ల జాబితా కాదు. జూన్‌లో అభ్యర్థిని ప్రకటించాక, వెలగపూడిలో గులాబీ బ్యాలెట్ అందుకోబోయే 175 మంది తరఫున మద్దతు ప్రకటన ఆ సాయంత్రమే వస్తుందా, వారం ఆగుతుందా, దానికి ముందు ఏమైనా అడుగుతారా అన్నది చూడాలి.